బీపీ ఉన్నా నడవాలి, లెక్కతో నడవాలి

గుండెపోటు, స్టెంట్, బైపాస్ తర్వాత వ్యాయామం ఎలా మొదలుపెట్టాలని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బీపీ ఉన్నవాళ్లవే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే. ఉత్తరాలను కుదించి వేస్తున్నాం.

ప్రశ్న: వయసు 62. బైపాస్ అయి 5 వారాలైంది. చాలా ఏళ్లుగా బీపీ ఉంది, మాత్రలతో 130/80 దగ్గర ఉంటోంది. మొన్న ఆసుపత్రిలో ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలు నడిపిస్తే 168/82కి పోయింది. ఇంట్లోవాళ్లు బెదిరిపోయి మూడు నెలలు మంచం దిగొద్దంటున్నారు. నడవాలా, మానాలా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: నడవండి. ఆ 168 చూసి భయపడక్కర్లేదు, అది పెరగాల్సిన పద్ధతిలోనే పెరిగింది. నడిచేటప్పుడు కాళ్ల కండరాలకు రక్తం ఎక్కువ కావాలి, దానికోసం గుండె బలంగా కొడుతుంది, పై అంకె పెరుగుతుంది. అదే సమయంలో కండరాల్లోని రక్తనాళాలు విచ్చుకుంటాయి కాబట్టి కింది అంకె ఉన్నచోటే ఉంటుంది, లేదా కొంచెం తగ్గుతుంది. మీ 82 చెబుతున్నది అదే.

మేం ట్రెడ్‌మిల్ పక్కన నిలబడి ఎదురుచూసే ప్రమాదం వేరు. వేగం పెంచుతున్నకొద్దీ పై అంకె పెరగకుండా 10 పాయింట్లకు మించి పడిపోతే వెంటనే ఆపేస్తాం. శ్రమ పెరిగినా గుండె అందుకోలేకపోతోందన్న సూచన అది. రెండో హద్దు పైన ఉంది: సాధనలో పై అంకె 220, కింది అంకె 105 దాటకుండా చూసుకుంటాం. ఆ దరిదాపులకు వస్తే వేగమో ఎత్తో తగ్గిస్తాం.

మంచం దిగొద్దన్న సలహా పాతకాలపు వైద్యానిది. ఒకప్పుడు గుండెపోటు వచ్చినవాళ్లను వారాల తరబడి కదలనిచ్చేవారు కాదు. 1952లో అమెరికాలో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే వైద్యులు అలాంటి రోగులను మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం మంచిదని రాస్తే, అప్పట్లో అదే పెద్ద సాహసం. ఇప్పుడు బైపాస్ అయిన రోగి ఆసుపత్రి వదిలేలోపే వరండాలో నడుస్తున్నాడు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2021లో తెచ్చిన సమీక్ష 85 పరిశోధనలను, సుమారు 23 వేలమంది రోగులను కలిపి చూసింది. వ్యాయామంతో కూడిన పునరావాసం తీసుకున్నవాళ్లలో గుండె జబ్బు మరణాలు సుమారు నాలుగో వంతు తగ్గాయి.

ఇక లెక్క. సమతలంగా ఉన్నచోట రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలతో మొదలుపెట్టండి. మూడు నాలుగు రోజులకోసారి రెండు నిమిషాలు పెంచండి. ఆగకుండా 30 నిమిషాలు నడవగలిగాకే వేగం సంగతి, వేగం కుదిరాక మిట్టల సంగతి. ఈ మూడింటిలో ఒక వారంలో ఒక్కటే పెంచాలి. అన్నీ ఒకేసారి పెంచినవాళ్లకు ఆయాసం వస్తే దేనివల్ల వచ్చిందో తెలియదు. ప్రతి నడకకూ ముందు 5 నుంచి 10 నిమిషాలు నింపాదిగా నడవాలి, చివర్లో 10 నిమిషాలు అలాగే నెమ్మదించాలి. చివరి పది నిమిషాల గురించి మూడో జవాబులో వివరంగా చెప్పాం, అది తప్పక చదవండి.

అందుబాటులో ఉంటే ఆసుపత్రి రీహాబ్‌లో, అంటే పర్యవేక్షణలో వ్యాయామం చేయించే పునరావాస కార్యక్రమంలో చేరండి. వారానికి 3 రోజుల చొప్పున 12 వారాలు, మొత్తం 36 సెషన్లు అనేది బాగా వాడుకలో ఉన్న పద్ధతి. ఛాతీకి ఈసీజీ తీగలు అంటించి, వ్యాయామానికి ముందు, మధ్యలో, తర్వాత బీపీ చూస్తారు. ఆ మధ్యలో చూసే బీపీయే అసలు విలువైనది. ఇంట్లో నడుస్తూ మీరు చూసుకోలేనిది అదొక్కటే.

ప్రశ్న: స్టెంట్ వేశాక మెటోప్రొలాల్ వాడుతున్నాను. వయసు 54. చేతి గడియారం నా గుండె వేగం నిమిషానికి 133 దాకా వెళ్లాలంటోంది. ఎంత వేగంగా నడిచినా 95 దాటడం లేదు. పరిగెత్తనా?
— బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పరిగెత్తవద్దు. మీ గడియారం 220లోంచి వయసు తీసేసి, మిగిలినదానిలో 80 శాతం చెబుతోంది. ఆ సూత్రానికి మీ మాత్ర సంగతి తెలియదు. మెటోప్రొలాల్, అటెనొలాల్, బైసొప్రొలాల్, కార్వెడిలాల్ వంటి బీటా బ్లాకర్లు చేసే పనే గుండె వేగానికి కళ్లెం వేయడం. 133 అందుకోవాలని పరిగెత్తితే గుండె మీద మోయలేనంత భారం పడుతుంది, పైగా అంకె అప్పటికీ రాదు.

మీరు చేయగలిగినవి రెండు. మాత్ర వేసుకున్న రోజునే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ, బీపీ చూసే పరీక్ష) చేయించుకుంటే ఆ మాత్ర మీదే మీ గరిష్ఠ వేగం ఎంతో తెలుస్తుంది. ఉదాహరణకు విశ్రాంతిలో 58, పరీక్షలో గరిష్ఠం 110 అనుకోండి. తేడా 52. అందులో 40 శాతం అంటే 21, 60 శాతం అంటే 31. వాటిని 58కి కలిపితే 79 నుంచి 89. అదే మీ నడక హద్దు. మాత్ర మోతాదు మారితే ఈ లెక్కా మారుతుంది, పాత అంకెలు పట్టుకుని కూర్చోకూడదు.

రెండోది బోర్గ్ కొలబద్ద. 6 నుంచి 20 దాకా అంకెలుంటాయి: 6 అంటే కూర్చున్నంత హాయి, 20 అంటే ఇక నావల్ల కాదనేంత. మీరు 11కూ 13కూ మధ్య ఉండాలి, అంటే ‘తేలిగ్గానే ఉంది’ నుంచి ‘కాస్త కష్టంగా ఉంది’ దాకా. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. గడియారంలో పనికొచ్చే అంకె ఒకటుంది, అడుగుల లెక్క. నిమిషానికి సుమారు 100 అడుగులు పడుతుంటే చాలామందికి అది మధ్యస్థ శ్రమ.

ప్రశ్న: మావారికి 66. గుండెపోటు వచ్చి నాలుగు నెలలైంది. బీపీకి రామిప్రిల్, అమ్లోడిపిన్, నీరు పోయే మాత్ర వాడుతున్నారు. నడక బాగానే నడుస్తారు గానీ ఇంటికొచ్చి గేటు దగ్గర ఆగగానే కళ్లు తిరుగుతున్నాయంటారు. ఒకరోజు తూలి పడబోయారు. నడక పడటం లేదా?
— గృహిణి, కరీంనగర్

జవాబు: నడక పడుతోందమ్మా, నడక ఆపే పద్ధతి పడటం లేదు. నడుస్తున్నంతసేపు పిక్కల కండరాలు రెండో గుండెలా పనిచేసి కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తుంటాయి. ఠక్కున ఆగితే ఆ తోపు ఆగిపోతుంది, కానీ విచ్చుకున్న రక్తనాళాలు వెంటనే ముడుచుకోవు. రక్తం కాళ్లలోనే నిలిచిపోయి, గుండెకు తిరిగొచ్చేది తగ్గి, బీపీ జారుతుంది. పైగా మీవారు వాడే మూడు మాత్రల్లో మొదటి రెండూ రక్తనాళాలను వదులు చేసేవే, మూడోది ఒంట్లో నీటిని తగ్గించేది. అన్నీ కలిసి గేటు దగ్గర చూపిస్తున్నాయి.

నడక చివరి 10 నిమిషాలు వేగం మెల్లమెల్లగా తగ్గించాలి. గేటు దగ్గర నిలబడి కబుర్లు వద్దు, వచ్చాక కూర్చుని కాలి మడమలు పైకీ కిందికీ ఆడించాలి. వేడినీళ్ల స్నానం వెంటనే వద్దు, అది రక్తనాళాలను ఇంకా విచ్చుకునేలా చేస్తుంది. అరగంట ఆగి గోరువెచ్చని నీళ్లతో చేయమనండి. చెప్పులు విప్పడానికి నడుం వంచి ఒక్కసారిగా లేవడం కూడా ఇలాంటి తూలుడుకు కారణమే.

ఈ నాలుగు రోజులూ ఒక పని చేయండి. నడకకు ముందు కూర్చోబెట్టి, నడిచి వచ్చిన పది నిమిషాలకు కూర్చోబెట్టి, తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు బీపీ చూసి రాయండి. నిలబడ్డాక పై అంకె 20 లేదా అంతకుమించి పడితే, లేదా 100 కిందికి పోయి కళ్లు తిరిగితే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మోతాదు తగ్గించాలా, ఒక మాత్రను రాత్రికి మార్చాలా అన్నది ఆయన చూస్తారు. మీరుగా మానేయకండి.

ఎండాకాలంలో మీ ప్రాంతంలో ఉదయం ఏడు దాటితే వేడి మొదలవుతుంది. నీరు పోయే మాత్ర మీద ఉన్నవాళ్లు చెమటలు కక్కితే సోడియం, పొటాషియం రెండూ తగ్గి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆ నెలల్లో ఇంట్లోనే నడవనివ్వండి. నీళ్లు ఎన్ని తాగాలన్నది మాత్రం డాక్టరునే అడగండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు నీటికీ హద్దు ఉంటుంది, ‘బాగా నీళ్లు తాగు’ అన్న మాట అందరికీ సరిపోదు.

తూలడం కాకుండా స్పృహే తప్పితే అది బీపీ జారడం ఒక్కటే కాకపోవచ్చు. ఈసీజీ చూడాల్సిందే.

ప్రశ్న: పొద్దున బీపీ 156/94 వచ్చింది. ఆ రోజు నడకకు వెళ్లొచ్చా?
— రైతు, కర్నూలు జిల్లా

జవాబు: తలనొప్పి, ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం లాంటివేవీ లేకపోతే వెళ్లొచ్చు. విశ్రాంతిలో పై అంకె 180, లేదా కింది అంకె 110 దాటితే ఆ రోజు వ్యాయామం లేదు, డాక్టరుకు ఫోను చేయాలి. జ్వరం ఉన్నరోజు బీపీ బాగున్నా వద్దు.

అయితే ఆ 156 నిజమేనా అని ముందు చూసుకోండి. టీ తాగినా, బీడీ కాల్చినా, పొలం నుంచి నడిచొచ్చినా అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చొక్కా చేతి మీద పట్టీ కట్టొద్దు, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. మణికట్టు మిషన్ కంటే దండచేతికి కట్టేదే నయం. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువగా చూపిస్తుంది. కొనేటప్పుడు చేతి చుట్టుకొలత టేపుతో కొలిచి, పెట్టె మీద రాసిన కొలతతో సరిచూసుకోండి. వారంలో నాలుగైదు రోజులు 140/90 పైనే వస్తుంటే మందులు సరిపోవడం లేదని అర్థం. దాన్ని నడకతోనే సరిదిద్దుకుందామని ఆగకండి.

ప్రశ్న: బైపాస్ అయి 7 వారాలు. కిరాణా కొట్టు నాది. ఎప్పటినుంచి బస్తాలు ఎత్తొచ్చు? బీపీ తగ్గడానికి గోడకుర్చీ వేయమని వీడియోల్లో చూశాను, వేయనా?
— వరంగల్

జవాబు: బస్తాలు ఇప్పుడే వద్దు. కోసి తీగలతో బిగించిన రొమ్ము ఎముక గట్టిగా అతుక్కోవడానికి మామూలుగా 8 నుంచి 12 వారాలు పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు, పొగతాగేవాళ్లకు ఇంకా ఆలస్యం. అప్పటిదాకా రెండు చేతులతో కలిపి మూడు నాలుగు కిలోలకు మించి ఎత్తొద్దు. బస్తా సంగతి అందరికీ గుర్తుంటుంది. మరిచిపోయేది షట్టరు. పొద్దున కొట్టు తెరిచేటప్పుడు వంగి, ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో గుంజడం ఎముకకూ బీపీకీ ఒకేసారి దెబ్బ. స్కూటరు స్టాండు వేయడం కూడా అంతే. మీ కుర్రాడి చేత చేయించండి. దగ్గేటప్పుడు దిండు ఛాతీకి అదుముకోండి. ఎముక దగ్గర టక్కుమని శబ్దం వచ్చినా, కుట్ల నుంచి చీము కారినా ఆగకుండా సర్జన్‌కు చూపించాలి.

బరువులతో వ్యాయామం బీపీ ఉన్నవాళ్లకు నిషిద్ధం కాదు, మంచిదే. బైపాస్ అయిన కనీసం 8 వారాలకు, సర్జన్ ఎముక చూసి సరేనన్నాక, కొన్ని వారాలు పర్యవేక్షణలో నడక సాగాక మొదలుపెట్టాలి. రబ్బరు పట్టీతోనో కిలో డంబెల్‌తోనో చాలు. 10 నుంచి 15 సార్లు ఎత్తినా బోర్గ్ 13 దాటని బరువు మీది. ఒక్కో కసరత్తు ఒక విడతే, వారానికి రెండు రోజులు, మధ్యలో 48 గంటల విరామం. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. ఊపిరి బిగబట్టి ఎత్తితే ఛాతీలో ఒత్తిడి పెరిగి బీపీ ఒక్కసారి ఎగసి, వదలగానే పడుతుంది. డంబెల్‌ను పిడికిలి బిగించి నలిపేయడం కూడా బీపీని పెంచుతుంది, వదులుగా పట్టుకోండి.

గోడకుర్చీ వంటి కదలని కసరత్తులు బీపీని తగ్గిస్తాయన్నది నిజమే. రెండేసి నిమిషాలు నాలుగు విడతలు, వారానికి మూడు రోజులు చేసినవాళ్లలో తగ్గుదల కనిపించింది. కానీ ఆ రెండు నిమిషాల్లో బీపీ చాలా ఎత్తుకు పోతుంది. గుండె జబ్బు లేని, బీపీ అదుపులో ఉన్న మనిషికి అది పర్వాలేదు. 7 వారాల బైపాస్ మనిషికి మేం చెప్పం. దాని బదులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 8 నుంచి 10 సార్లు చేయండి, తొడలకు బలం వస్తుంది.

ప్రశ్న: నడక బదులు యోగా, ప్రాణాయామం చేస్తే చాలదా?
— విశాఖపట్నం

జవాబు: దీనికి మన దేశంలోనే మంచి సమాధానం దొరికింది. యోగా-కేర్ అనే పరిశోధన 24 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందితో జరిగింది, ఫలితాలు 2020లో వచ్చాయి. 12 వారాల్లో 13 తరగతులు నేర్పి ఇంట్లో సాధన చేయమన్నారు. మళ్లీ గుండెపోటు, పక్షవాతం, మరణం వంటివి కలిపి చూస్తే మామూలు సలహా పొందినవాళ్లకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే యోగా చేసినవాళ్లు మునుపటి పనుల్లోకి తిరిగి వెళ్లడం, ఆరోగ్యం గురించి తమకు తాము చెప్పుకున్న తీరు మెరుగ్గా ఉన్నాయి. కాబట్టి యోగా చేయండి, నడక మానకండి. నడవలేని మోకాళ్లున్నవాళ్లకు యోగా నిజంగా దారి చూపిస్తుంది.

బీపీ ఉన్న గుండె రోగి కపాలభాతి, భస్త్రిక, కుంభకం, శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం వదిలేయాలి. కుంభకం అంటే ఊపిరి బిగబట్టడమే, ఎందుకు వద్దో పై జవాబులో ఉంది. తల కిందులయ్యేవి తలలోకి ఒత్తిడిని పెంచుతాయి. నాలుగు సెకన్లు పీల్చి ఆరు సెకన్లు వదిలే నెమ్మది శ్వాస, శవాసనం మాత్రం ఎవరైనా చేయొచ్చు.

ప్రశ్న: మా ఊరికి రీహాబ్ కేంద్రం ఉన్న ఆసుపత్రి 120 కిలోమీటర్లు. వారానికి మూడుసార్లు ఎలా వెళ్లేది?
— ఆసిఫాబాద్

జవాబు: వెళ్లక్కర్లేదు, కానీ ఒకసారి తప్పక వెళ్లాలి. ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ చేయించుకుని, ‘ఇంట్లో చేసుకోవచ్చా’ అని సూటిగా అడిగి రాయించుకోండి. గుండె పంపింగ్ శాతం 40 కంటే తక్కువున్నవాళ్లు, కొద్ది శ్రమకే ఛాతీ నొప్పి వచ్చేవాళ్లు, లయ తప్పేవాళ్లు, టీఎంటీలో బీపీ పడిపోయినవాళ్లు తొలి వారాలు పర్యవేక్షణలోనే చేయాలి. వాళ్లు ఆసుపత్రి ఉన్న ఊళ్లో బంధువుల ఇల్లు చూసుకుని ఉండటమే మేలు.

మిగతావాళ్లు ఇంటి దగ్గర 30 మీటర్ల సమతల దారిని తాడుతో కొలిచి రెండు చివర్లా గుర్తు పెట్టుకోండి. 6 నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచారో నాలుగు వారాలకోసారి రాయండి. ఆయాసం పెరగకుండా దూరం పెరుగుతుంటే దారిలో ఉన్నట్టే. నోటు పుస్తకంలో రోజూ ఐదు గళ్లు చాలు: నడకకు ముందు బీపీ, నాడి, నిమిషాలు, బోర్గ్ అంకె, ఏదైనా ఇబ్బంది. మాత్రలు వేసుకున్నాక ఎంతసేపటికి నడుస్తున్నారో ఆ వ్యవధి రోజూ ఒకటే ఉంచండి, లేకపోతే నేటి అంకెను నిన్నటితో పోల్చడానికి వీలుండదు. తిన్నాక రెండు గంటలు ఆగాలి. పొద్దున్నే బరువు చూసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. కాళ్ల వాపు చూసుకుని డాక్టరుకు చెప్పాలి.

ఎవరూ లేనిచోట ఒంటరిగా నడవొద్దు. నడుస్తుండగా ఛాతీ బరువెక్కినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా ఆగి కూర్చోండి. నిలబడకండి, ఎందుకంటే ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర బీపీని వేగంగా దించుతుంది. డాక్టరు రాసిచ్చిన మోతాదే ఒకటి పెట్టుకోండి. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయండి, బైకు వెనక కూర్చుని బయలుదేరకండి. పై అంకె 100 కంటే తక్కువుంటే సార్బిట్రేట్ వద్దు. అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్ వాడి 24 గంటలు, టడలాఫిల్ వాడి 48 గంటలు కాకపోయినా వద్దు. సిగ్గుపడి ఈ మాట దాచేవాళ్లున్నారు, 108 సిబ్బందికి తప్పక చెప్పాలి.

ప్రశ్న: మూడు నెలల రీహాబ్ తర్వాత బీపీ 118/76. మాత్రలు ఆపేయొచ్చా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఆ 118 మాత్రలతో కలిసి వచ్చినది. బీపీ ఉన్నవాళ్లలో క్రమం తప్పని నడక పై అంకెను సుమారు 5 నుంచి 8 పాయింట్లు దించుతుంది, అంతకంటే ఆశించకండి. ఒక్కో నడక తర్వాత వచ్చే తగ్గుదల కొన్ని గంటలే, మహా అయితే ఒక రోజు ఉంటుంది. అందుకే ఆదివారం రెండు గంటలు నడవడం కంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున నడవడం బీపీకి మేలు. నడక మానేస్తే వారాల్లోనే పాత అంకెకు వస్తుంది. బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపితే మాత్రం బీపీ, నాడి ఎగసి గుండెపోటుకే దారితీయొచ్చు. అవి బీపీ కోసమే కాదు, దెబ్బతిన్న గుండెను కాపాడటానికీ ఇచ్చారు.

ప్రశ్న: రోజూ నడవడంతో మోకాళ్లు నొస్తున్నాయి. మందుల షాపులో డైక్లోఫినాక్ తెచ్చుకుని వేసుకుంటున్నాను. బీపీ మళ్లీ 150 చేరింది. నడక ఎక్కువైందా?
— ఆర్టీసీ విశ్రాంత కండక్టర్, రాజమహేంద్రవరం

జవాబు: నడక కంటే ముందు ఆ మాత్రను అనుమానించాలి. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపి బీపీని పెంచుతాయి, రామిప్రిల్ లాంటి మాత్రల పనికి అడ్డుపడతాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. గుండెపోటు ప్రమాదాన్నీ పెంచుతాయి కాబట్టి గుండె జబ్బు ఉన్నవాళ్లకు డైక్లోఫినాక్ పనికిరాదు. ఈ రోజే ఆపి, మీ డాక్టరుకు చెప్పండి. నొప్పికి పారాసిటమాల్ ఎంత వాడొచ్చో ఆయన్నే అడగండి. నడకను రెండు ముక్కలు చేసుకోండి, సిమెంటు రోడ్డు కంటే మట్టి దారి చూసుకోండి, మెత్తని అడుగున్న బూట్లు వేసుకోండి. రెండు వారాలకూ తగ్గకపోతే స్థిరంగా ఉండే సైకిల్‌కు మారండి. సీటు ఎత్తు తొక్కుడు కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా పెట్టాలి. సీటు తక్కువైతే మోకాలి నొప్పి పెరుగుతుంది. హ్యాండిల్ మీద వాలిపోయి గట్టిగా పట్టుకోకండి.